రేటు తగ్గించనన్న మాట: ఫ్రెడరిక్ టేలర్ జీవితం

వార్షిక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. వ్యాసం పాఠంలా ఉండకూడదని ఒక షరతు కూడా పెట్టారు. ఈ కళాశాలలోనే కామర్సు చదివి, ఇక్కడే కామర్సు చెబుతున్నవాడిని. పాఠం కానిది నా దగ్గర ఏముంటుందా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి మన సిలబస్‌లో పది మార్కుల ప్రశ్నగా మిగిలిపోయిన ఒక మనిషి గుర్తుకొచ్చాడు. ఆయన ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్. శాస్త్రీయ యాజమాన్య పితామహుడని మొదలుపెట్టి, నాలుగు సూత్రాలు వరుసగా రాసి, అదనపు కాగితం అడగకుండానే మనం ముగించేసే ఆ ప్రశ్న వెనుక యాభై తొమ్మిదేళ్ల జీవితం ఒకటి ఉంది.

ఆయన మీద నాకు ఆసక్తి పుట్టింది క్లాసులో కాదు, మా ఇంటి అరుగు మీద. మా అమ్మ బీడీలు చుట్టేది. తెలంగాణలో మా ఊరి లాంటి ఊళ్లలో ఇంటింటా అదే పని. తునికాకు తడిపి, కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, సాయంత్రానికి లెక్క అప్పజెప్పాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నేను బి.కాం. రెండో సంవత్సరంలో టేలర్ గారి పీస్ రేటు పద్ధతి చదువుకుని, సెలవులకు ఇంటికి పోయి, ఎక్కువ పని చేసినవాళ్లకు ఎక్కువ రేటు కట్టిస్తే ఎవరైనా ఉత్సాహంగా చేస్తారు కదా అని అమ్మకు వివరించాను. అమ్మ చేతిలో పని ఆపకుండానే విన్నది. అందరూ ఎక్కువ చుట్టడం మొదలుపెట్టిన తరువాత కూడా ఆ రేటు అట్లాగే ఉంచుతారా అని మాత్రం అడిగింది. అంతకు ముందు ఏడాది వాడకట్టు ఆడవాళ్లంతా పోటీపడి తొందరగా చుట్టి ఇస్తుంటే, ఆకు తక్కువ తూచి ఇచ్చి లెక్క మాత్రం అంతే అడగడం మొదలైందట. నా దగ్గర జవాబు లేదు. నా గైడు పుస్తకంలోనూ లేదు. చాలా ఏళ్లకు టేలర్ జీవితం తీరికగా చదివితే తెలిసిందేమిటంటే, ఆయన పని మొదలైందీ ఆ ప్రశ్నతోనే, ఆయన్ని చివరిదాకా వదలనిదీ ఆ ప్రశ్నే.

టేలర్ 1856 మార్చి 20న అమెరికాలో, ఫిలడెల్ఫియా నగరంలోని జర్మన్‌టౌన్‌లో పుట్టాడు. కలవారి బిడ్డ. తండ్రి న్యాయశాస్త్రం చదివినవాడు. తల్లి నీగ్రో బానిసత్వం పోవాలని పనిచేసిన మనిషి. కుర్రవాడు పేరున్న ఎక్సెటర్ పాఠశాలలో చదివి, హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్ష కూడా నెగ్గాడు. తండ్రిలాగే లాయరు కావలసినవాడు. అయితే రాత్రింబగళ్లు చదివి కళ్లు దెబ్బతిన్నాయన్న కారణంతో ఆ చదువు అక్కడితో ఆగిపోయింది. 1874లో ఫిలడెల్ఫియాలోనే ఒక చిన్న పంపుల కర్మాగారంలో అప్రెంటిసుగా చేరి, నాలుగేళ్లు నమూనాలు చెక్కడం, యంత్రాల మీద పనిచేయడం నేర్చుకున్నాడు. సాయంత్రం పెద్దింటికి వచ్చి మంచి బట్టలు కట్టుకునే యువకుడు, పొద్దున్నే నూనె మరకల చొక్కా తొడుక్కుని కూలీలతో సమానంగా నిలబడేవాడు. రెండు లోకాలనూ దగ్గరగా చూసిన ఇలాంటి మనిషి అరుదు. ఆయన గొప్పతనమూ, ఆయన లోపమూ రెండూ ఇక్కడి నుంచే వచ్చాయని నాకనిపిస్తుంది.

1878లో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో కూలీగా చేరాడు. అప్పుడు దేశంలో వ్యాపారాలు మందగించి ఉన్నాయి. పని నేర్చినవాడికి కూడా దానికి తగిన ఉద్యోగం దొరకలేదు. కొన్నాళ్లు గుమాస్తాగా చేసి, తరువాత లేత్ యంత్రం మీదికి వెళ్లాడు. అక్కడ పీస్ రేటు ఉండేది, అంటే తయారు చేసిన ముక్కకు ఇంత అని కూలి. పనివాళ్లంతా కలిసి రోజుకు ఇన్నే ముక్కలు చేయాలని తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. యంత్రం ఇవ్వగలిగిన దాంట్లో మూడో వంతు మాత్రమే బయటికి వచ్చేదని టేలర్ లెక్క. కూలీగా ఉన్నంతకాలం తానూ ఆ కట్టుబాటును దాటలేదు.

తరువాత ఆయన్ని లేత్‌ల మీద గ్యాంగ్ బాస్‌ను చేశారు, మన మాటల్లో మేస్త్రీని. తోటివాళ్లు దగ్గరికి వచ్చి, ఇకమీదట నువ్వూ మా మెడలు వంచుతావా అని అడిగారు. తానిప్పుడు యాజమాన్యం వైపు ఉన్నానని, ఎక్కువ పని రాబట్టడమే తన ఉద్దేశమని ఆయన దాచకుండా చెప్పేశాడు. అక్కణ్ణించి దాదాపు మూడేళ్లు పెద్ద పోరాటం. మాట వినని వాళ్లను తీసేశాడు, కొందరి కూలి తగ్గించాడు, కొత్తవాళ్లకు పని నేర్పించి పెట్టుకున్నాడు. చివరికి ఎక్కువ పని చేసేదాకా ముక్క రేటు కోసేశాడు కూడా. వాళ్లు యంత్రాలు విరగ్గొట్టి, ఆయన తొందర పెట్టడం వల్లే విరిగాయన్నారు. యంత్రం ఎలా విరిగినా సరే జరిమానా కట్టాల్సిందే అన్నాడాయన. ఎవరైనా కాల్చేస్తారని స్నేహితులు హెచ్చరించినా, రాత్రిళ్లు రైలు పట్టాల వెంట ఒంటరిగా, ఆయుధం లేకుండా నడిచే ఇంటికి వెళ్లేవాడు.

చివరికి గెలిచాడు. ఉత్పత్తి పెరిగింది, ఉద్యోగంలో పైకి వచ్చాడు. కానీ ఆ గెలుపు ఆయనకు రుచించలేదు. రోజంతా ఎవరి మొహం చూసినా విరోధమే కనిపించే బతుకు ఏం బతుకని తరువాతి కాలంలో తానే చెప్పుకున్నాడు. అంతకన్నా ముఖ్యంగా ఒక సంగతి ఆయనకు తలకెక్కింది. పనివాళ్లు సోమరులై తక్కువ చేయడం లేదు. ఎక్కువ చేస్తే ఏమవుతుందో తెలిసి తక్కువ చేస్తున్నారు. ఒకడు కష్టపడి రోజుకు రెట్టింపు ముక్కలు చేసి రెట్టింపు సంపాదిస్తే, వీడికింత కూలి ఎందుకని యజమాని ముక్క రేటు సగం చేస్తాడు. అప్పుడు పని రెట్టింపు, కూలి పాతదే. ఒక్కసారి ఆ దెబ్బ తిన్నవాడు జన్మలో మళ్లీ చేయి చాచి పని చేయడు. ఈ సంగతి టేలర్ పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. తన చేతులతో రేటు కోసి తెలుసుకున్నాడు.

విద్యార్థి మిత్రులకు ఇక్కడొక మాట. ఈ రగడంతా జరుగుతున్న కాలంలోనే ఆయన పగలు కర్మాగారంలో పనిచేస్తూ, రాత్రిళ్లు ఇంట్లో చదువుకుని, 1883లో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకున్నాడు. 1881లో అమెరికా జాతీయ టెన్నిస్ పోటీల్లో క్లారెన్స్ క్లార్క్‌తో కలిసి డబుల్స్ విజేత అయ్యాడు. 1884లో పెళ్లి చేసుకున్నాడు, అప్పటికి చీఫ్ ఇంజనీరు కూడా అయ్యాడు. కళ్లు బాగాలేవని చదువు మానిన మనిషి ఇన్ని చేయడం విడ్డూరమే.

మరి రేటు కోత జబ్బుకు ఆయన కనిపెట్టిన మందు ఏమిటి? యజమాని రేటు ఎందుకు కోస్తున్నాడు? ఒక పనికి నిజంగా ఎంత సమయం పడుతుందో మొదట తెలియక, అందాజుగా రేటు కట్టినందువల్ల. కాబట్టి పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఎంత సేపు పడుతుందో స్టాప్‌వాచి పెట్టి కొలిచి, మధ్యలో విశ్రాంతికి, అనుకోని ఆలస్యాలకు కొంత కలిపి, దాని మీద రోజు పని నిర్ణయించాలి. అలా కట్టిన రేటును ఇక ఎప్పటికీ ముట్టుకోకూడదు. ఆ పైన ఆయన రెండు రేట్లు పెట్టాడు. 1895లో మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు చదివిన వ్యాసంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది. లేత్ మీద ఒక పనికి ముక్కకు 50 సెంట్లు ఇచ్చేవారు, మనిషి రోజుకు నాలుగైదు చేసేవాడు. కొలిచి చూస్తే పది చేయవచ్చని తేలింది. పదీ చేస్తే ముక్కకు 35 సెంట్లు, పదికి తగ్గితే 25 సెంట్లే అన్నారు. పది చేసినవాడికి మూడున్నర డాలర్లు. తొమ్మిది చేసి ఆగినవాడికి రెండుంబావు. ఒక్క ముక్క తేడాకు డాలరుంబావు పోతుంది. పనివాడికి ఇదివరకు వచ్చేది రెండు నుంచి రెండున్నర. అంటే కూలి పెరిగింది, యజమానికి ముక్క మీద ఖర్చు తగ్గింది. ఇద్దరికీ లాభమైనప్పుడు తగాదా ఎందుకుంటుందన్నది టేలర్ నమ్మకం. డిఫరెన్షియల్ పీస్ రేటు అని మనం బట్టీ పట్టేది దీన్నే.

1898లో బెత్లెహెమ్ ఉక్కు కంపెనీ ఆయన్ని పిలిచింది. అక్కడ జరిగిన రెండు పనులతో ఆయన పేరు లోకమంతా తెలిసింది. ఒకటి, పిగ్ ఐరన్ దిమ్మలు మోసి బండ్లకు ఎత్తడం. ఒక్కో దిమ్మ 92 పౌన్లు, అంటే మన లెక్కలో నలభై రెండు కిలోలు. మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తేవాడు, కూలి 1 డాలరు 15 సెంట్లు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చుని అలుపు తీర్చుకోవాలో పక్కన ఒకరు నిలబడి చెబుతూ ఉంటే, అదే మనిషి నలభై ఏడు టన్నులు ఎత్తాడు, కూలి 1 డాలరు 85 సెంట్లు అయింది. టేలర్ తన పుస్తకంలో ష్మిట్ అని పేరు మార్చి రాసిన ఆ మనిషి అసలు పేరు హెన్రీ నోల్. పొద్దున్నా సాయంత్రం తన ఇల్లు తానే కట్టుకుంటూ, మధ్యలో వచ్చి ఇంత ఇనుము మోసేవాడట.

రెండోది పార పని. బొగ్గుకూ, ఖనిజానికీ ఒకే పార వాడితే ఒకచోట బరువు తక్కువ, ఒకచోట ఎక్కువ అవుతుంది. పారకు సుమారు 21 పౌన్లు పడితే మనిషి రోజంతటిలో ఎక్కువ పని చేయగలడని కొలిచి చూసి, ఒక్కో సరుకుకు ఒక్కో సైజు పార కంపెనీయే ఇచ్చే ఏర్పాటు చేశాడు. నిన్న ఎంత సంపాదించాడో ప్రతి మనిషికీ మర్నాడు పొద్దున చీటీ వచ్చేది. మనిషికి రోజుకు 16 టన్నులు ఉన్న పని 59 టన్నులైంది. కూలి 1 డాలరు 15 సెంట్ల నుంచి 1 డాలరు 88 సెంట్లయింది. అంతవరకు నాలుగు నుంచి ఆరు వందల మంది చేసే పనికి నూట నలభై మంది సరిపోయారు.

ఈ అంకెలు క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీ నుంచి రెండు ప్రశ్నలు వస్తాయి. ఏటా వస్తాయి, రావాలి కూడా. పని దాదాపు నాలుగింతలైతే కూలి నూటికి అరవై మాత్రమే పెరగడం ఏ లెక్క? మిగిలిన వందల మంది ఏమయ్యారు? మొదటిదానికి టేలర్ జవాబు, కూలి ఒక్కసారిగా మరీ పెరిగితే మనిషి క్రమం తప్పుతాడని. సరుకు చౌక కావాలి, కొనేవాడికీ లాభం రావాలని కూడా అనేవాడు. రెండోదానికి, సరుకు చౌకైతే గిరాకీ పెరిగి వేరేచోట పనులు పుడతాయని. దిమ్మలు మోసే వాళ్లలో ఎనిమిది మందికి ఒక్కడే ఆ నలభై ఏడు టన్నులు అందుకోగలిగాడని ఆయనే ఒప్పుకున్నాడు. అటువంటి పని చేసేవాణ్ణి ఎద్దుతో పోల్చి రాశాడు కూడా. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు పుస్తకం మూసేయాలనిపిస్తుంది. కూలీల మధ్య నాలుగేళ్లు నిలబడిన మనిషి అలా ఎలా రాయగలిగాడు? పైగా 1974లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి, దిమ్మల కథ టేలర్ చెప్పినంత శాస్త్రీయంగా జరగలేదని, అంచనాలూ అతిశయోక్తులూ అందులో చాలానే ఉన్నాయని చూపించారు. అందాజుగా రేటు కట్టడాన్ని జీవితమంతా తిట్టిన మనిషి తన పేరుమోసిన ఉదాహరణలోనే అందాజును వాడుకున్నాడన్నమాట.

బెత్లెహెమ్ యాజమాన్యంతో పడక 1901లో ఆయన బయటికి వచ్చేశాడు. అప్పటికి మాన్సెల్ వైట్ అనే సహచరుడితో కలిసి కనిపెట్టిన హై స్పీడ్ ఉక్కు 1900 పారిస్ ప్రదర్శనలో అందరినీ ఆకట్టుకుంది. ఇక డబ్బుకు లోటు లేదు. ఆ తరువాత జీతం కోసం పనిచేయలేదు. ముగ్గురు అనాథ పిల్లలను తెచ్చి పెంచుకున్నాడు. అడిగినవాళ్లకు తన పద్ధతి ఉచితంగా చెప్పేవాడు. 1906లో మెకానికల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1910లో రైల్వే కంపెనీలు చార్జీలు పెంచుతామంటే, లూయిస్ బ్రాండైస్ అనే న్యాయవాది, టేలర్ పద్ధతి పాటిస్తే పెంచనక్కరలేదని వాదించడంతో, శాస్త్రీయ యాజమాన్యమనే పేరు పత్రికలకెక్కింది. 1911లో ఆయన ప్రధాన గ్రంథం వచ్చింది.

అదే 1911 ఆగస్టులో, మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో, పోతపని చేసే ఒక మోల్డరు పక్కన స్టాప్‌వాచి పట్టుకుని నిలబడ్డారు. అతడు నా పనిని కొలవనివ్వనన్నాడు. అతణ్ణి తీసేస్తే తక్కినవాళ్లంతా పని వదిలి బయటికి వచ్చేశారు. కొద్ది రోజులకే తిరిగి చేరారుగానీ, విషయం అమెరికన్ పార్లమెంటుదాకా వెళ్లింది. ప్రతినిధుల సభ ఒక సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు విలియం విల్సన్ ఒకప్పుడు బొగ్గు గనుల్లో పనిచేసిన కార్మిక నాయకుడు. 1912 జనవరిలో టేలర్ నాలుగు రోజులు ఆ సంఘం ముందు కూర్చుని జవాబులు చెప్పాడు. తన పద్ధతికి మూలం గడియారం కాదని, యజమానీ పనివాడూ ఇద్దరూ మనసు మార్చుకోవడమేనని వాదించాడు. మరి యజమాని మనసు మారకపోతే? గడియారం అతని చేతిలో ఉండి, మాట మాత్రం అతడు నిలబెట్టుకోకపోతే పనివాడికి దిక్కేమిటి? అలా చేస్తే అది శాస్త్రీయ యాజమాన్యమే కాదన్నాడు టేలర్. నిజమే కావచ్చు. కానీ కూలి పోయినవాడికి ఆ మాటతో ఏం ఒరుగుతుంది?

నా అభిప్రాయంలో టేలర్ కథంతా ఈ ఒక్కచోట తేలుతుంది. డబ్బు ఎక్కువిస్తే మనిషి ఎక్కువ పని చేస్తాడన్నది ఆయన కనిపెట్టింది కాదు, అది అందరికీ తెలుసు. ఇచ్చిన రేటు రేపూ ఉంటుందన్న నమ్మకం లేకపోతే ఆ డబ్బు పని చేయదన్నది ఆయన కనిపెట్టాడు. ఆ నమ్మకాన్ని గడియారం తెచ్చిపెడుతుందనుకోవడం ఆయన పొరపాటు. సమయాన్ని గడియారం కొలుస్తుంది. అయితే విశ్రాంతికి ఎంత కలపాలి, రోజుకు ఎంత పని న్యాయం, పెరిగిన లాభంలో ఎవరికెంత అన్నవి గడియారం చెప్పదు. వాటిని మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. ఆ బేరంలో పనివాళ్ల సంఘానికి చోటివ్వడం టేలర్‌కు చివరిదాకా ఇష్టం లేకపోయింది.

1915లో అమెరికన్ పార్లమెంటు ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచి కొలతలకూ, వాటి మీద ఇచ్చే బోనసులకూ ప్రభుత్వ సొమ్ము ఖర్చు చేయరాదని చట్టంలో రాసింది. ఆ నిషేధం 1949 దాకా నడిచింది. అదే 1915 మార్చి 21న, యాభై తొమ్మిదో పుట్టినరోజు దాటిన మర్నాడు, ఫిలడెల్ఫియా ఆసుపత్రిలో న్యుమోనియాతో టేలర్ చనిపోయాడు. పోవడానికి కొద్దిసేపటి ముందు, తెల్లవారుజామున, తన గడియారానికి తానే కీ ఇచ్చుకున్నాడని ఆయన జీవిత చరిత్ర రాసినవారు చెబుతారు.

ఆయన పోయిన పదహారేళ్లకు, 1931లో, షికాగో దగ్గర హాథార్న్ టెలిఫోన్ పరికరాల కర్మాగారంలో పధ్నాలుగు మందిని ఒక గదిలో కూర్చోబెట్టి నెలల తరబడి గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ కూలి వచ్చే పద్ధతి అక్కడా ఉంది. అయినా వాళ్లు రోజుకు ఇంతేనని గిరి గీసుకున్నారు. దాటినవాణ్ణి తోటివాళ్లే ఎగతాళి చేసేవారు. ఎందుకంటే, ఎక్కువ చేస్తే రేటు కోస్తారన్నారు. మిడ్‌వేల్‌లో టేలర్ చూసిందే యాభై ఏళ్ల తరువాత మళ్లీ కనిపించింది.

ఇది పాత కథ అనుకోవద్దు. మొన్న మన పూర్వ విద్యార్థి ఒకడు కనిపించాడు. చదువు అయ్యాక ఉద్యోగం దొరికేదాకా మోటారుసైకిలు మీద ఇళ్లకు భోజనాలు అందించే పని చేశాడట. రోజుకు ఇన్ని ఆర్డర్లు చేస్తే ఇన్సెంటివ్ అన్నారు. అతడూ స్నేహితులూ పట్టుబట్టి ఆ సంఖ్య అందుకోగానే, తరువాతి వారం సంఖ్య పెంచేశారట. సార్, మీరు టేలర్ పాఠం చెప్పినప్పుడు నిద్రపోయాను, ఇప్పుడు అర్థమైంది అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకున్న అమ్మ గుర్తుకొచ్చింది.

అమ్మ ఇప్పుడు లేదు. ఆమె ప్రశ్నకు అప్పుడు ఇవ్వలేని జవాబు ఇప్పుడు కూడా పూర్తిగా నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఈ సంచిక చదివే మిత్రుల్లో కొందరు రేపు రేట్లు కట్టే కుర్చీల్లో కూర్చుంటారు, కొందరు ఆ రేట్ల కింద పని చేస్తారు. కూర్చునేవారు రేటు కట్టే ముందు ఆ పని ఒక పూటైనా చేసి చూడండి, పని చేసేవాళ్లను అడిగి కట్టండి, కట్టాక మాట మీద నిలబడండి. ఇక పరీక్ష సంగతి అంటారా, టేలర్ ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు నాలుగు సూత్రాలతో పాటు వాటర్‌టౌన్ సంగతి కూడా రాయండి. అందరూ రాశారు కదా అని నేను మార్కుల రేటు తగ్గించను.